ఆ రికార్డు చివర ఏమీ లేదన్నాను

చాలా ఏళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. దాని బరువుకి కుంగిపోయానని చెబితే అబద్ధం. దుకాణం నడిపాను, కూతురి పెళ్ళి చేశాను, వేళకి తిన్నాను, పడుకున్నాను. ఇత్తడి బిందెలో గులకరాయి పడితే ఎలా ఉంటుందో తెలుసు కదా. నీళ్ళు నిండుగా ఉన్నంతసేపూ రాయి ఉన్నట్టే తెలియదు. ఖాళీ బిందెని కదిపితే మాత్రం మోగుతుంది. ఈ మధ్య దుకాణం తమ్ముడి కొడుకు చూసుకుంటున్నాడు. నాకు తీరిక ఎక్కువైంది. రాయి మోగుతోంది.

నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. చెప్పాల్సిన మనిషికి చెప్పకుండా ముక్కూ మొహం తెలియని మీకు చెప్పడం ధైర్యమా, పిరికితనమా? పిరికితనమే. అయినా కాస్త ఓపిక పట్టి వినండి.

మాది పాతబస్తీలో ఇత్తడి, రాగి సామాన్ల దుకాణం. తాతల నాటిది. ఇల్లు గౌలిపురలో. మా నాన్న నాకు నేర్పిన విద్య ఒక్కటే, గిన్నెని వేలితో కొట్టి వినడం. పగులు కంటికి కనపడకముందే చెవికి తెలుస్తుంది. అతుకు వేసిన చెంబు ఒకలా పలుకుతుంది, అతుకు లేనిది ఒకలా పలుకుతుంది. మా బజారులో నా చెవులకి పేరుండేది. ఆ పేరంటే నాకు చాలా ఇష్టం. ఎంత ఇష్టమో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఆ చెవులే నన్ను పాత గ్రామఫోన్ రికార్డుల్లోకి దింపాయి. అందరూ సినిమా పాటలు, ఖవ్వాలీలు పోగేస్తుంటే నాకు జాజ్ పిచ్చి పట్టింది. ఇత్తడి వ్యాపారికి ఇత్తడి బాజాలు కాక ఇంకేం నచ్చుతాయని మా ఆవిడ వేళాకోళం చేసేది. ఒకప్పుడు సికింద్రాబాద్ క్లబ్బుల్లో దొరల డాన్సులకి వాయించే బ్యాండ్లు ఉండేవి. వాళ్ళలో కొందరు బొంబాయి, కలకత్తా వెళ్ళి రికార్డులు ఇచ్చి వచ్చారు. ఆ రికార్డులన్నీ చివరికి గురువారం పాత సామాన్ల సంతలో, అదే జుమేరాత్ బజార్‌లో, తుప్పు పట్టిన తాళాల పక్కన, రెక్కలు ఊడిన ఫ్యాన్ల పక్కన తేలేవి. అమ్మేవాళ్ళు వాటిని తవాలు అనేవారు. రొట్టెలు కాల్చే పెనంలా నల్లగా, గుండ్రంగా ఉంటాయని. నేను వాటిని ఏరుకొచ్చి, కడిగి, సరిపోయే సూదితో వాయించి, కంప్యూటర్లోకి ఎక్కించి, గరగర తగ్గించేవాణ్ణి. బొంబాయిలో ఒక చిన్న కంపెనీ వాటిని సీడీలుగా వేసేది. ఎవరు ఏది వాయించారో చెబుతూ లోపలి పుస్తకంలో వ్యాసం రాసేదీ నేనే.

అలా చేసిన సీడీల్లో ఒకదానిలో మూడో పాట గురించి ఇదంతా.

అది విక్టర్ మాస్టర్ అనే ఆయన బ్యాండు. సికింద్రాబాద్ వాళ్ళు, బొంబాయి వెళ్ళి రికార్డు చేశారు. ఆ రోజుల్లో లేబుల్ మీద బ్యాండు పేరే తప్ప వాయించినవాళ్ళ పేర్లు వేసేవాళ్ళు కాదు. ఆ పాటలో క్లారినెట్ ఉంది చూడండి, దాని గురించి మా సేకరణదారుల్లో ఎప్పుడూ వాదనే. బొంబాయిలో అప్పట్లో పెద్ద పేరున్న క్లారినెట్ కళాకారుడు ఒకాయన ఉండేవాడు. పాపం ఆయనకి ఇందులో ఏ పాపమూ తెలియదు కాబట్టి పేరు ఎత్తను. నేను ఆ పాట విని, ఇది ఆయనే అని తేల్చి చెప్పాను. ఊదే ఒడుపు చూపించి, ఊపిరి తీసే చోట్లు చూపించి వ్యాసం రాసి, సీడీ రాకముందే మిగతా సేకరణదారులకి పంపాను. అందరూ ఒప్పుకున్నారు. నా చెవుల మాట కదా.

ఇక్కడ ఒక్క క్షణం ఆగనివ్వండి. అప్పటికి నాకు నిజంగా తెలియదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే చేయి ఆగుతోంది. తెలియదా?

మా అక్క పెళ్ళి బరాత్ నాకు బాగా గుర్తుంది. చిన్నవాణ్ణి. మా వైపు గల్లీలు ఇరుకు. పెళ్ళికొడుకు గుర్రం మలుపు తిరిగేటప్పుడు బెదరకూడదని డప్పులు, బాకాలు అన్నీ ఆపేస్తారు. క్లారినెట్ ఒక్కటే ఒక స్వరాన్ని కింది నుంచి పైకి జార్చి, అక్కడే పట్టుకుని నిలబెడుతుంది. గుర్రం తిరిగి, జనం సర్దుకునే దాకా ఆ స్వరం తెగకూడదు. తిరగ్గానే బాజా అంతా ఒక్కసారి అందుకుంటుంది. అది బ్యాండు వాళ్ళ పద్ధతి. పెళ్ళి బాజా వాయించేవాళ్ళకి తప్ప ఆ అవసరమే రాదు.

ఆ రికార్డు నడిమధ్యలో బ్యాండు అంతా ఆగిపోతుంది. క్లారినెట్ ఒక్కటే కింది నుంచి పైకి జారి అక్కడ నిలబడుతుంది. ఆ తర్వాత అందరూ అందుకుంటారు. క్లబ్బుల్లో గుర్రాలు మలుపు తిరగవు కదా. బొంబాయి పెద్దాయన మిగతా రికార్డుల్లో ఎక్కడా అలా వాయించలేదు. వ్యాసంలో ఆ స్వరాన్ని ఆయన చేసిన కొత్త ప్రయోగం అని రాశాను. వింటున్నప్పుడు మాత్రం నాకు మా అక్క పెళ్ళి, పెట్రోమాక్స్ దీపాల వేడి, అందరి భోజనాలూ అయ్యాక బయట కాలువ పక్కన కూర్చుని తిన్న బ్యాండు వాళ్ళు గుర్తొచ్చారు. గుర్తొచ్చినా పట్టించుకోలేదు. పెళ్ళి బాజా మనిషి ఇంత గొప్పగా జాజ్ వాయిస్తాడని రాయడానికి నాకు మనసు రాలేదు. అదీ అసలు సంగతి.

సీడీ పని దాదాపు అయిపోయింది. అట్టకి బొమ్మ కూడా సిద్ధమైంది. అంతవరకూ నా దగ్గరున్న రికార్డు బాగా అరిగింది. చివర్లో పాట అయిపోయాక గుర్రుమనే చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. అలాంటి సమయంలో జుమేరాత్ బజార్‌లో నాకు ఎప్పుడూ రికార్డులు అమ్మే ఖాదర్ భాయ్ అదే రికార్డు ఇంకోటి తీసి పెట్టాడు. దాదాపు కొత్తది. అరిగినదాన్ని మారకం కింద అతనికే ఇచ్చేసి, పండగ చేసుకుంటూ దీన్ని ఇంటికి తెచ్చి వేశాను.

పాట అద్భుతంగా వచ్చింది. చివరి స్వరం ఆగింది. ఆగాక, రికార్డు తీసేవాళ్ళు యంత్రం ఆపడం ఆలస్యమైందేమో, ఒక మగ గొంతు స్పష్టంగా పలికింది.

"శభాష్, దేవదానం!"

మళ్ళీ వేశాను. మళ్ళీ అదే. బొంబాయి పెద్దాయన పేరు దేవదానం కాదు.

అప్పుడు ఏం చేయాలో ఎవరికైనా తెలుసు. కంపెనీకి ఫోన్ చేసి, నా వ్యాసం తప్పు, ఆపండి అనాలి. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. నా చెవులు తప్పు విన్నాయని నా నోటితో చెప్పాలా? ఆ వ్యాసం చదివి మెచ్చుకున్నవాళ్ళంతా ఏమంటారు? పైగా దేవదానం ఎవరు? ఎవరికి తెలుసు? ఫోన్ కింద పెట్టేశాను. కంప్యూటర్లో పాట చివరి భాగాన్ని పట్టుకుని కత్తిరించాను. చివరి గరగర కత్తిరించడం మా పనిలో మామూలే. అందరూ చేస్తారు. వినేవాళ్ళకి పాట కావాలి గానీ పాట తర్వాతి మాటలు ఎందుకు? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఇలాంటివి చాలా చెప్పుకున్నాను. సీడీ వచ్చింది. మెప్పు వచ్చింది. బొంబాయిలో ఒక సభకి పిలిచి శాలువా కప్పారు.

ఇంతవరకే అయితే మీకు చెప్పేవాణ్ణి కాదేమో. ఎవరు మాత్రం ఒక తప్పు రాసి సర్దుకోలేదు?

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం దుకాణానికి ఒకావిడ వచ్చింది. నాకంటే కాస్త పెద్దది. నేత చీర, చేతిలో గుడ్డ సంచి. బిందెల కోసం వచ్చిందనుకున్నాను. పేరు సుగుణ అంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైందట, దబీర్‌పురా స్టేషన్ వెనక ఇల్లట. సంచిలోంచి సీడీ తీసి గల్లాపెట్టె మీద పెట్టింది.

"అన్నా, గిది తయారుజేసింది నువ్వేనంట గదా?"

"అవునక్కా."

"గిండ్ల మూడో పాట. అండ్ల క్లారినెట్ మా బాపుది. దేవదానం ఆయన పేరు. రైల్వేల ఫిట్టర్. పెండ్లిళ్ళకు బ్యాండ్ల వాయించేటోడు. విక్టర్ మాస్టర్ పిలిస్తే రైల్వే పాసు మీద బొంబాయి పోయి వాయించొచ్చిండు."

దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

"పేరు ఏరేటోళ్ళది ఏసినరు. పోనీ. దానికి లొల్లి జేయనీకి రాలే అన్నా. ఒక్క మాట అడుగుదామని వచ్చిన. పాట అయిపోయినంక మాస్టర్ సంబురం ఆపుకోలేక శభాష్ దేవదానం అన్నడంట. గది గూడ రికార్డుల పడ్డదంట. మా బాపు సచ్చేదాంక గదే చెప్పేటోడు. మా ఇంట్ల రికార్డు లేకుండె, వాయించే డబ్బ లేకుండె. మేమెన్నడు ఇనలే. ఇప్పుడు సీడీల ఇన్న. అండ్ల లేదు. నీ దగ్గర అసలు రికార్డు ఉంటది గదా, అండ్లనన్న ఉన్నదా?"

గల్లాపెట్టె మీద ఆ సీడీ. ఎదురుగా ఆవిడ. ఇంత తేలికైన ప్రశ్న నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. ఉంది అనాలి. రెండక్షరాలు.

"లేదక్కా," అన్నాను. "చివర్ల గరగర తప్ప ఏం లేదు."

"మంచిగ ఇన్నవా?"

"మంచిగనే ఇన్న."

"ఏమనుకోకు అన్నా, ఒక్కసారి నేను గూడ ఇంట. నౌకరంత చెవులతోనే జేసిన. ఎంత గరగర ఉన్నా మనిషి గొంతు పట్టుకుంట. విక్టర్ మాస్టర్ గొంతు నాకు ఎరుకే, మా ఇంటికి వస్తుండె."

వద్దని ఎలా అనను? వచ్చే ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి రమ్మన్నాను. ఆవిడ సంతోషంగా వెళ్ళిపోయింది. వెళుతూ వెళుతూ ఒక రాగి చెంబు కూడా కొనుక్కుంది.

ఇప్పుడు చెప్పబోయేది మా ఆవిడకి కూడా తెలియదు.

ఆ కాలపు రికార్డులు లక్కతో చేసినవి. లాడ్ బజార్‌లో గాజులు చేసే లక్క లాంటిదే. వాటిని ఉత్త నీళ్ళతో కడగవచ్చు, రెండు చుక్కల సబ్బు వేయవచ్చు. స్పిరిట్ మాత్రం తగలనివ్వకూడదు. తగిలితే లక్క కరిగిపోతుంది, దాంతోపాటు గాడిలో ఉన్న పాట కూడా. మా పనిలో మొదటి పాఠం ఇది. ఒకసారి మిత్రుడొకడు తెలియక స్పిరిట్‌తో తుడిస్తే వాణ్ణి నలుగురిలో తిట్టాను. పసిపిల్లవాడికి తెలిసిన సంగతి నీకు తెలియదా అన్నాను.

శనివారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చాను. మా ఆవిడ పక్కింట్లో ఉంది. రికార్డు తీసి బల్ల మీద పెట్టాను. మందుల డబ్బాలోంచి దూది తీశాను, స్పిరిట్ సీసా తీశాను. కాసేపు కూర్చున్నాను. వీధిలో ఎవరో బేరమాడుతున్నారు. దూది తడిపి, లేబుల్ చుట్టూ ఉన్న లోపలి గీతల మీద, పాట అయిపోయిన చోటు నుంచి మాత్రమే, జాగ్రత్తగా తుడిచాను. పాట మీద ఒక్క చుక్క పడనివ్వలేదు. చూశారా, అక్కడ కూడా నా పనితనం వదులుకోలేదు. దూది నల్లబడింది. కంప్యూటర్లో దాచిన అసలు రికార్డింగుని కూడా చెరిపేశాను. అన్నం తిన్నాను. దుకాణానికి వెళ్ళాను.

కోపంలో చేసింది కాదు, తొందరలో చేసింది కాదు. నన్ను ఎక్కువ భయపెట్టేది అదే.

ఆదివారం సుగుణ వచ్చింది. తెల్ల చీర కట్టుకుని, బైబిలు సంచీలో పెట్టుకుని. రికార్డు వేశాను. నడిమధ్యలో ఆ స్వరం పైకి జారి నిలబడ్డప్పుడు ఆవిడ తల ఎత్తి నా వైపు చూసి, "గిదే, గిదే" అంది. పాట అయిపోయింది. తర్వాత బురదలో బండి ఈడ్చినట్టు ఒక చప్పుడు. చివర ఒక్కటీ మళ్ళీ వేయమంది. వేశాను. కళ్ళు మూసుకుని, స్పీకరు పెట్టెకి చెవి ఆనించి వింది. లేనిది ఎక్కడి నుంచి వినపడుతుంది?

పెట్టె దగ్గర నుంచి లేచింది.

"అయితే మా బాపు ఊకెనే చెప్పిండన్నట్టు," అంది. కాస్త నవ్వింది కూడా. "మా అమ్మ అననే అనేది, గాయన కోతలు నమ్మకే అని. ఇంట్ల నేనొక్కదాన్నే నమ్మిన. గా మాట లేదంటే వాయించింది గూడ మా బాపు కాదేమో తియ్ అన్నా. నీకు తక్లీఫ్ ఇచ్చిన."

తక్లీఫ్ ఏముందక్కా అన్నాను. మా ఆవిడ చాయ్ ఇచ్చింది. ఆవిడ తాగి, థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది.

ఒక రికార్డు పాడు చేశాననుకున్నాను. అంతకంటే పెద్దది పాడైందని ఆవిడ చెప్పులు తొడుక్కుంటున్నప్పుడు తెలిసింది. చచ్చిపోయిన తండ్రి మీద కూతురికున్న నమ్మకం అది. దాన్ని ఇంట్లో అందరూ వెక్కిరిస్తున్నా అన్నేళ్ళు కాపాడుకుంది. నేను ఒక దూది ముక్కతో తుడిచేశాను. అప్పుడైనా గుమ్మం దాకా వెళ్ళి పిలవొచ్చు. పిలవలేదు. ఎందుకు పిలవలేదని మీరు అడిగితే, బిడియమని, పరువని ఏవో చెబుతాను. అవన్నీ నిజమే. ఏదీ చాలదు.

ఆ తర్వాత కొత్త రికార్డులు తీసుకురావడం మానేశాను. గురువారం జుమేరాత్ బజార్‌కి వెళ్ళడం మాత్రం మానలేదు. ఆ ఒక్క రికార్డు కోసమే. ఇంకో ప్రతి ఎక్కడో ఒకచోట ఉండకపోతుందా? దొరికితే పట్టుకుని నేరుగా దబీర్‌పురా వెళదామని. ఖాదర్ భాయ్ నన్ను చూడగానే, "క్యా సేట్, ఫిర్ వహీ తవా?" అని నవ్వుతాడు. వహీ తవా, అదే రికార్డు, అంటాను. ఇంతవరకూ దొరకలేదు. ఒకటి ఒప్పుకోవాలి. దొరకనందుకు ఒక్కోసారి ఊపిరి పీల్చుకున్నాను కూడా.

మొన్న మలక్‌పేటలో కళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని ఉంటే ఎవరో అన్నా అని పిలిచారు. సుగుణ. మనిషి బాగా వంగిపోయింది. పక్కన కాలేజీకి వెళ్ళే మనవరాలు. నన్ను గుర్తుపట్టి, ఆ పిల్లకి చూపిస్తూ, "గీ సేటు దగ్గరనే గా రికార్డు ఇన్నది, మన కోతల తాతది," అంది. ఆ పిల్ల పకపకా నవ్వింది. వాళ్ళింట్లో ఎవరైనా గొప్పలు చెప్పుకుంటే మిగతావాళ్ళంతా ఒక్కసారే "శభాష్ దేవదానం!" అంటారట. పెద్దవాళ్ళ నుంచి పిల్లలదాకా అదే మాటట. చెప్పి మళ్ళీ నవ్వింది. సుగుణ కూడా నవ్వింది. వాళ్ళ ముందు నేను కూడా నవ్వాను.

ఆ నవ్వు నా నోట్లో ఇంకా చేదుగా ఉంది. అందుకే ఇది రాయడానికి కూర్చున్నాను.

సుగుణ ఇల్లు నాకు తెలుసు. ఈ ఆదివారం వెళ్ళాలని ఉంది. వెళతానని మీకు మాట ఇవ్వను, నా మాటకి ఎంత విలువుందో ఇప్పుడు మీకు తెలుసు. వెళ్ళి చెప్పినా ఆవిడ నన్ను క్షమించాలని ఎక్కడుంది? రుజువేదీ అంటే ఏం చూపించగలను? ఇన్నాళ్ళకి మనసు మెత్తబడి, తన కోసం ఓ మంచి అబద్ధం చెబుతున్నానని అనుకోవచ్చు. అదే జరిగితే దానికి కూడా నేనే కారణం.

నాకు తెలిసినంతలో ఆ గొంతు ఇప్పుడు ఏ రికార్డులోనూ లేదు. నా చెవిలో తప్ప ఇంకెక్కడా లేదు. నాకేమో వయసు మీద పడింది, ఎడమ చెవి అప్పుడే మొరాయిస్తోంది. అందుకని ఎలా ఉందో మీకు చెప్పి పెడతాను. చివరి స్వరం ఆగాక ఎవరిదో కుర్చీ కిర్రుమంటుంది. మాస్టర్ ఊపిరి పీల్చుకోవడం వినపడుతుంది. "శభాష్" అని గట్టిగా అంటాడు. ఆగుతాడు. "దేవదానం" అనేటప్పుడు గొంతు తగ్గుతుంది, మాటలో నవ్వు కలుస్తుంది, చివరి అక్షరం సగంలో తెగిపోతుంది. దాని వెనకే ఇంకెవరో, బహుశా ఆయనే, సిగ్గుపడుతూ చిన్నగా నవ్విన చప్పుడు.

ఆ నవ్వు సంగతి సుగుణకి ఎవరూ చెప్పలేదు. తన గొంతు కూడా అందులో పడిందని దేవదానానికే తెలియదనుకుంటాను.

ఇదీ నేను చెప్పాల్సింది. చెప్పాక మనసు తేలికైందా అంటే, కొంత అయింది. అవడానికి నాకు హక్కుందో లేదో తెలియదు. ఆయన కోతలు కోయలేదు. ఆ పాట వాయించింది ఆయనే, ఆ మాట అన్నది మాస్టరే. నేను విన్నాను.